అడుగులతో భూమిని కొలిచిన పండితుడు

దేశపటాన్ని విప్పి చూసినప్పుడు పర్వతాలు, నదులు, నగరాలు తమతమ స్థానాల్లో మనకు కనిపిస్తాయి. ఆ గీతల వెనుక ఎందరి శ్రమ దాగి ఉన్నదో సాధారణంగా మన తలపునకు రాదు. పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలం వరకు ఆసియా ఖండ పటంలో హిమాలయాలకు ఆవల ఉన్న టిబెట్ భాగం చాలావరకు శూన్యంగానే ఉండేది. ఆ శూన్యాన్ని తన పాదయాత్రలతో పూరించిన మహనీయుడు నైన్‌సింగ్ రావత్. ఆయన సేనాని కాడు, సంపన్నుడు కాడు. కొండల నడుమ ఒక పల్లెలో పిల్లలకు చదువు చెప్పిన ఉపాధ్యాయుడు.

నైన్‌సింగ్ 1830వ సంవత్సరంలో, నేటి ఉత్తరాఖండ్ రాష్ట్రంలోని జోహార్ లోయలో జన్మించాడు. మిలమ్ ఆయన గ్రామం. వేసవిలో మంచు కరగగానే కనుమలు దాటి టిబెట్‌కు ధాన్యం తీసుకొనిపోయి, అక్కడి నుండి ఉప్పు, ఉన్ని తెచ్చుకోవడం ఆ లోయవాసుల జీవనోపాధి. ఈ రాకపోకల వలన ఆయనకు టిబెటన్ భాష, అక్కడి ఆచార వ్యవహారాలు బాల్యంలోనే అలవడ్డాయి. 1855-57 సంవత్సరాల మధ్య ష్లాగిన్‌ట్వైట్ సోదరులనే జర్మన్ శాస్త్రజ్ఞుల వెంట మానససరోవరం, లడఖ్ ప్రాంతాలు తిరిగి, కొలత పరికరాలతో తొలి పరిచయం పొందాడు. అనంతరం మిలమ్ పాఠశాలలో ఉపాధ్యాయుడై పండితుడనే పేరు పొందాడు.

1802లో మద్రాసు వద్ద లాంబ్టన్ ప్రారంభించిన మహా త్రికోణమితి సర్వే, దక్కను పీఠభూమి మీదుగా సాగి, కాలక్రమంలో హిమాలయ పాదాలను చేరింది. అక్కడితో దాని దారి మూసుకొనిపోయింది. టిబెట్ పాలకులు విదేశీయులను తమ నేలపై అడుగు పెట్టనిచ్చేవారు కారు. అప్పుడు సర్వే అధికారి కెప్టెన్ మాంట్‌గోమరీ ఒక ఉపాయం ఆలోచించాడు. సరిహద్దు ప్రాంతపు భారతీయులకు శిక్షణ ఇచ్చి, వర్తకుల వేషంలోనో యాత్రికుల వేషంలోనో పంపాలని నిశ్చయించాడు. ఈ పనికి 1863లో నైన్‌సింగ్, ఆయన జ్ఞాతి మణిసింగ్ ఎంపికై డెహ్రాడూన్ చేరారు.

ఆ శిక్షణ విచిత్రమైనది. ఎక్కుడైనా దిగుడైనా ప్రతి అడుగూ ఒకే పొడవున పడేటట్లు నైన్‌సింగ్ నెలల తరబడి సాధన చేశాడు. రెండు వేల అడుగులు వేస్తే ఒక మైలు. బౌద్ధుల జపమాలలో 108 పూసలుంటాయి. ఆయన మాలలో నూరే ఉండేవి. నూరడుగులకు ఒక పూస జరిపితే, మాల ఒక చుట్టు తిరిగేసరికి పదివేల అడుగులు, అంటే అయిదు మైళ్ళు పూర్తయ్యేవి. చేతిలోని ప్రార్థనా చక్రంలో మంత్రాలకు బదులు కొలతలు వ్రాసిన కాగితపు చుట్టలు ఉండేవి. పాదరసం గవ్వల్లో దాగింది. రాత్రివేళ ఆ పాదరసాన్ని గిన్నెలో పోసి, దాని సమతలాన్ని ఆధారం చేసుకొని, సెక్స్‌టెంట్ అనే పరికరంతో నక్షత్రాల ఎత్తును కొలిచి ఆ స్థలపు అక్షాంశాన్ని నిర్ణయించేవాడు. పైకి పోయినకొద్దీ నీరు తక్కువ ఉష్ణోగ్రతకే మరుగుతుంది గనుక, మరిగే నీటిలో ఉష్ణమాపకం ఉంచి ఆ ప్రదేశం ఎత్తును గణించేవాడు.

1865లో ఆయన నేపాల్ మార్గాన బయలుదేరాడు. తొలి ప్రయత్నంలో సరిహద్దు అధికారులు అనుమానించి వెనుకకు పంపారు. నిరుత్సాహపడక, వేషం మార్చి మరల ప్రయత్నించి టిబెట్‌లో ప్రవేశించాడు. 1866 జనవరిలో లాసా నగరం చేరాడు. చేతిలోని ధనం అయిపోగా వర్తకులకు లెక్కలు నేర్పి పొట్ట పోసుకొన్నాడు. అనుమతి లేకుండా నగరానికి వచ్చిన ఒక చైనీయునికి నడివీధిలో శిరచ్ఛేదం చేయడం ఆయన కంటబడింది. తన రహస్యం బయటపడితే తనకూ అదే గతి. అయినా పరిశీలనలు మానలేదు. లాసా అక్షాంశాన్ని నేటి కొలతకు అతి సమీపంగా నిర్ణయించాడు. సాంగ్‌పో నది వెంట సుదీర్ఘంగా ప్రయాణించి దాని గమనాన్ని గుర్తించాడు. ఆ నదే మన బ్రహ్మపుత్ర అనే భావనకు ఆయన పరిశీలనలు బలం చేకూర్చాయి. తిరిగి వచ్చేసరికి ఆయన కొలిచిన దారి దాదాపు 1,200 మైళ్ళు. అంటే ఇంచుమించు 24 లక్షల అడుగులు.

1867లో టిబెట్ బంగారు గనులను దర్శించాడు. 1874 జూలైలో లే నుండి తుది మహాయాత్రకు బయలుదేరి, లాసా, తవాంగ్ మీదుగా 1875 మార్చిలో అస్సాం చేరాడు. ఈ యాత్రలతో ఆయన ఆరోగ్యం, కంటిచూపు దెబ్బతిన్నాయి. 1877లో లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆయనకు స్వర్ణపతకం ప్రకటించింది. తరువాత ఆయన యువకులకు సర్వే విద్య నేర్పాడు. పందొమ్మిదవ శతాబ్ది ముగియకముందే కన్నుమూశాడు. 2004లో భారత తపాలాశాఖ ఆయన స్మారకంగా తపాలాబిళ్ళ విడుదల చేసింది.

ఆ పటాలు నాడు చేరినది పరాయి పాలకుల చేతికేనన్న మాట సత్యం. సామ్రాజ్య ప్రయోజనాల కోసం మొదలైన పని అది. ఏళ్ళ తరబడి నివేదికలలో ఆయన పేరైనా లేదు. పండిత్ అన్న సంకేతమే కనిపించేది. అయినా పాలకులు పోయారు, ఆ కొలతల యథార్థత నిలిచింది. ఆ మంచుదారుల్లో ఆయన లెక్కను సరిచూసేవారెవరూ లేరు. అలసిపోయి ఒక పూస ఎక్కువ జరిపినా అడిగేవారు లేరు. ఎవరూ చూడని చోట కూడా లెక్క తప్పకపోవడమే ఆయన గొప్పతనం.

నేడు ఉపగ్రహాలు భూమిని చిత్రిస్తున్నాయి. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంలో ఆ చిత్రాలను విశ్లేషించి పంటల విస్తీర్ణం, వరదల తాకిడి, అడవుల స్థితి అంచనా వేస్తున్నారు. నగర నిర్మాణం, భూగర్భజలాల అన్వేషణ, వాతావరణ పరిశోధన, విపత్తుల నివారణ వంటి ఎన్నో రంగాలకు భూగోళశాస్త్రం ద్వారం తెరుస్తున్నది. రాజధానుల పేర్లు, నదుల పొడవులు వల్లెవేయడమే భూగోళ విద్య అనుకొనే విద్యార్థి ఒక్కసారి నైన్‌సింగ్ జపమాలను తలచుకోవాలి. పరికరాలు ఎంత మారినా, నేలను శ్రద్ధగా చూసే కన్ను, చూసినదాన్ని ఉన్నదున్నట్లు నమోదు చేసే నిజాయితీ ఈ విద్యకు నేటికీ మూలధనం.