న్యూ ఆర్లీన్స్ పియానో గురువు - ప్రొఫెసర్ లాంగ్‌హెయిర్

న్యూ ఆర్లీన్స్ అనగానే మనలో చాలామందికి ఫ్రెంచ్ క్వార్టర్, మార్డీ గ్రా ఊరేగింపులు, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ గుర్తుకొస్తాయి. ఆ ఊరివాళ్ళను అడిగితే మాత్రం మరో పేరు కూడా తప్పకుండా చెబుతారు. ఆయనే ప్రొఫెసర్ లాంగ్‌హెయిర్. ఊరివాళ్ళకి ముద్దుగా 'ఫెస్'. ఆయన ఏ కాలేజీలోనూ పాఠం చెప్పలేదు. అక్కడ మంచి పియానో వాద్యకారులను ప్రొఫెసర్ అని పిలవడం ఆనవాయితీ. అప్పట్లో ఆయన జుట్టు పొడుగ్గా ఉండేది కాబట్టి లాంగ్‌హెయిర్ అన్నారు.

అసలు పేరు హెన్రీ రోలండ్ బర్డ్. 1918 డిసెంబరు 19న లూయిజియానా రాష్ట్రంలోని బొగలూసాలో పుట్టాడు. పసివాడుగా ఉండగానే తల్లి న్యూ ఆర్లీన్స్‌కి తీసుకొచ్చింది. పేద కుటుంబం. కుర్రతనంలో వీధుల్లో ట్యాప్ డాన్స్ చేసి చిల్లర సంపాదించేవాడు. ఎవరో పారేసిన, కొన్ని మెట్లు పనిచేయని పియానో మీద సాధన మొదలుపెట్టానని చెప్పుకునేవాడు. టట్స్ వాషింగ్టన్ వంటి పెద్దల వాదన విని మెలకువలు పట్టుకున్నాడు. పేకాట మీద కూడా చాలాకాలం బతికాడు.

ఇక ఆయన బాణీ సంగతి. సంగీతం తెలిసిన మన మిత్రులకు ఇది ఆసక్తిగా ఉంటుంది. న్యూ ఆర్లీన్స్ ఓడరేవు. క్యూబా నుంచి రుంబా లయలు అక్కడికి ఎప్పుడో చేరాయి. ఫెస్ ఎడమచేత్తో ఆ రుంబా నడక నడిపిస్తూ, కుడిచేత్తో బ్లూస్ పలికించేవాడు. రెండు చేతులవీ రెండు దారులు, కానీ తాళం తప్పదు. మన కచేరీలో పాట ఒక నడకలో పోతుంటే మృదంగం మరో నడకలో పోయి సమానికి వచ్చి కలవడం లాంటిదే ఇది. ఆ రెండు పనులూ ఇక్కడ ఒక్క మనిషే చేస్తాడు. పైగా కాలితో పియానో చెక్కను తన్నుతూ దరువు వేసేవాడు. ట్యాప్ డాన్స్ ఆడిన కాళ్ళు ఊరుకుంటాయా మరి!

1949లో మార్డీ గ్రా మీద తన పాటను తొలిసారి రికార్డు చేశాడు. 1950లో 'బాల్డ్ హెడ్' అనే పాట జాతీయ రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో 5వ స్థానం దాకా వెళ్ళింది. ఆయన జీవితకాలంలో దేశమంతా ఎక్కిన హిట్టు అదొక్కటే. 1953లో అట్లాంటిక్ సంస్థకు 'టిపిటీనా' రికార్డు చేశాడు. 1959లో మార్డీ గ్రా పాటను మళ్ళీ కొత్తగా ఇచ్చాడు. 1964లో ఎర్ల్ కింగ్ రాసిన 'బిగ్ చీఫ్' వచ్చింది. ఆయన బాణీని విని నేర్చుకున్న ఫ్యాట్స్ డామినో, అలెన్ టూసాంట్, డాక్టర్ జాన్ లాంటివాళ్ళు ప్రపంచ ప్రసిద్ధులయ్యారు.

గురువుగారి గతి వేరు. 1960ల చివరికి ఆయన పూర్తిగా మరుగున పడ్డాడు. ప్రతి ఏటా పండగ రోజుల్లో ఊరంతా ఆయన పాట మోగేది, ఆయన చేతికి వచ్చింది మాత్రం స్వల్పం. చివరికి ఒక రికార్డుల దుకాణంలో నేల ఊడ్చే పనిలో కుదిరాడు. తన బాణీ పుణ్యాన పుట్టిన పాటలు అమ్మే చోటే చీపురు పట్టాల్సి వచ్చింది.

అలాంటి సమయంలో క్వింట్ డేవిస్, ఆలిసన్ మైనర్ అనే ఇద్దరు యువ అభిమానులు ఆయన్ను వెతికి పట్టుకున్నారు. 1971 న్యూ ఆర్లీన్స్ జాజ్ అండ్ హెరిటేజ్ ఫెస్టివల్‌లో వేదిక ఎక్కించారు. అప్పటికి ఆయన వయసు 52. అక్కడినుంచి దశ తిరిగింది. 1973లో న్యూపోర్ట్, స్విట్జర్లాండ్‌లోని మాంట్రూ ఉత్సవాలకు వెళ్ళాడు. 1974లో ఇల్లు కాలిపోయినా పియానో వదల్లేదు. 1975లో పాల్ మెకార్ట్నీ 'క్వీన్ మేరీ' ఓడ మీద ఇచ్చిన విందులో వాయించాడు. 1977లో కొందరు అభిమానులు కలిసి, ఆయన వాయించుకోవడానికి ఒక చోటు ఉండాలని క్లబ్బు తెరిచి, ఆయన పాట పేరే 'టిపిటీనాస్' అని పెట్టారు.

1979లో ఆలిగేటర్ సంస్థ కోసం 'క్రాఫిష్ ఫియెస్టా' ఆల్బమ్ రికార్డు చేశాడు. అందులో గిటార్ పట్టింది శిష్యసమానుడైన డాక్టర్ జానే. అది విడుదలయ్యే వేళకే, 1980 జనవరి 30న, 61వ ఏట నిద్రలోనే కన్నుమూశాడు. 1971-72లో రికార్డయి ఏళ్ళ తరబడి మూలపడ్డ పాటలు 1987లో ఆల్బమ్‌గా వచ్చి గ్రామీ గెలిచాయి. 1992లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. ఆ సన్మానాలు చూడటానికి ఆయన లేడు.

అయినా ఫెస్ కథ పూర్తిగా విషాదం కాదు. ఇద్దరు కుర్రవాళ్ళు పూనుకుంటే, ఒక ఊరు మరచిన కళాకారుడికి తొమ్మిదేళ్ళ గౌరవం దక్కింది. మన ఊళ్ళలో హరికథ చెప్పేవాళ్ళు, బుర్రకథ దళాలవాళ్ళు, నాదస్వర విద్వాంసులు ఎందరో ఉన్నారు. సంతాపసభల దాకా ఆగకుండా, వాళ్ళు వాయించగలిగి ఉన్నప్పుడే వేదిక ఎక్కించే పని మనలాంటి సంఘాలవల్ల అవుతుంది.

ఈసారి న్యూ ఆర్లీన్స్ వెళ్ళినప్పుడు నెపోలియన్ అవెన్యూ మీది టిపిటీనాస్‌కి వెళ్ళి చూడండి. లోపలికి అడుగు పెట్టగానే ఫెస్ విగ్రహం పలకరిస్తుంది.