గోడమీది అక్షరము: హార్లీ వారిక్ జీవితము

విజయనగరమునుండి శ్రీకాకుళముమీదుగా ఇచ్ఛాపురము వరకు ప్రయాణము చేసినవారికి ఒకప్పుడు దారిపొడుగునా చదువుకొనుటకు కావలసినంత ఉండేది. పెంకుటింటి ప్రక్కగోడ, రైసుమిల్లు ప్రహరీ, కల్వర్టు దిమ్మ, ఖాళీగా కనబడిన ప్రతి చోటా ఒక వ్రాత. సిమెంటు, పండ్లపొడి, ఎరువులు, బీడీలు, ఎన్నికల గుర్తులు అన్నీ గోడ ఎక్కినవే. పెద్దబాలశిక్ష తరువాత పిల్లలు కూడబలుకుకొని చదివిన రెండవ పుస్తకము ఈ గోడలే అన్నను తప్పులేదు. ఈ శతాబ్దపు ఆరంభమునుండి ఫ్లెక్సీలు వచ్చి ఆ వ్రాతగాళ్ళలో చాలమందికి పని లేకుండ చేసినవి. గోడమీద వ్రాసినవాని వ్రాతను వేలమంది చదివినారు గాని, వాని పేరు అడిగినవారు లేరు. ఈ వృత్తిలో ఉండి లోకముచేత పేరుపెట్టి పిలిపించుకొన్నవారు బహుకొద్దిమంది. వారిలో ముందుగా చెప్పుకొనదగినవాడు అమెరికాలోని ఒహాయో రాష్ట్రమునకు చెందిన హార్లీ వారిక్.

ఆతడు 1924 అక్టోబరు 5వ తేదీన జన్మించినాడు. ఒహాయో తూర్పు భాగమున లండన్‌డెర్రీ అను చిన్న ఊరివద్ద వారి కుటుంబము పాడిపశువులను పెట్టుకొని బ్రతికేది. అక్కడి రైతుకు ఇల్లు ఎంతటిదో ‘బార్న్’ అను కట్టడము అంతటిది. మన పల్లెలలో గాదె, గడ్డిమేటు, గొడ్లసాల వేరువేరుగా ఉంటవి. మంచు కురియు ఆ దేశములో మూడింటిని ఒకే కప్పుక్రిందికి చేర్చి, కొయ్యపలకలతో మేడంత ఎత్తున గోడలు లేపుతారు. రోడ్డువైపు గోడకు కిటికీలు తక్కువ. అంతటి విశాలమైన గోడ వర్తకుని కంటికి పలకవలె కనబడుటలో వింత లేదు.

అట్లు చూచినవారు వెస్ట్ వర్జీనియాలోని వీలింగ్ పట్టణమునకు చెందిన బ్లాక్ సోదరులు. వారు మొదట చుట్టల వ్యాపారులు. చుట్టలు చుట్టగా మిగిలిన పొగాకు తునకలను పారవేయక, రుచి పట్టించి, నమలుటకు పనికివచ్చు సరుకుగా అమ్మనారంభించినారు. దానికి ‘మెయిల్ పౌచ్’, అనగా తపాలా సంచి, అని పేరు పెట్టినారు. 1890 ప్రాంతమున ఈ పేరు బార్న్‌ల గోడలకు ఎక్కినది. కంపెనీకి, రైతుకు మధ్య ఒడంబడిక సులభమైనది. రోడ్డువైపు గోడ కంపెనీది. దానికి ప్రతిగా రైతుకు ఏడాదికి ఒకటి రెండు డాలర్లు ముట్టేవి. ఆ డాలర్లకన్న రైతు ఎక్కువ ఆశించినది రంగు. ఎండకు వానకు కొయ్య చెడకుండ ఉండవలెనన్న రంగు వేయవలె, రంగుకు డబ్బు కావలె. ప్రకటనకు గోడ ఇచ్చిన రైతుకు ఆ ఖర్చు తప్పేది. ఇరువదికి పైగా రాష్ట్రములలో వేలకొలది బార్న్‌లు ఈ విధముగా నలుపు తిరిగి తెల్లని అక్షరములు మోసినవి.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసి, 1946లో వారిక్ సైన్యమునుండి ఇంటికి వచ్చుసరికి, కంపెనీ పనివారు వారి కుటుంబపు బార్న్‌కే రంగు వేయుచున్నారు. తమకొక మనిషి తక్కువైనాడని వారు చెప్పినారు. ఇంటిపట్టున ఉన్నచో ఉదయము, సాయంకాలము ఆవులను పితుకుటయే పని. ఆ పనికన్న ఇది మేలనిపించి ఆ యువకుడు నిచ్చెన ఎక్కినాడు. మంచి ఉద్యోగము దొరికినవరకు గడిచిపోతే చాలుననుకొన్నాడు. తరువాత ఏ ఉద్యోగము కొరకు వెదకలేదు.

ఆ పని పద్ధతి వినదగినది. కప్పు అంచునుండి కప్పీలతో త్రాళ్ళు వ్రేలాడదీసి, వాటికి ఒక పలకను కట్టి, దానిమీద ఇద్దరు మనుష్యులు నిలుతురు. మొదట గోడనంతయు నల్లరంగుతో కప్పుతారు. నలుపు ఆరిన తరువాత అక్షరములు. వెనుకటి రోజులలో దీపపు మసి, సీసపు తెలుపు, అవిసెనూనెలే సరంజామా. వారిక్ అచ్చు పెట్టడు, కొలబద్ద పట్టడు, ముందుగా గీతలు గీయడు. నమలుము అను అర్థముగల ‘చ్యూ’ అను ఇంగ్లీషు మాట పై వరుసలో వస్తుంది. అందులో నాలుగు అక్షరములు. ఆతడు మొదటి అక్షరమైన ‘సీ’తో ఆరంభించక, నడుమనున్న ‘ఈ’ని ముందు వ్రాసి, పిదప దాని ఎడమనున్న ‘హెచ్’ను వ్రాసి, ఆ తరువాత రెండు చివరలను పూరించేవాడు. నడుమను నిలిపితే ఇరుప్రక్కల ఎడము దానంతట అదే సరిపడును. నల్లబల్లమీద శీర్షిక వ్రాయబోయి చివరి రెండక్షరములకు చోటు చాలక ఇరికించిన ఉపాధ్యాయునికి ఈ కిటుకు విలువ వేరుగా చెప్పనక్కరలేదు. గోడకు ఆనుకొని నిలిచినవానికి తాను వ్రాయు అక్షరము మొత్తము కంటికి ఆనదు. అది మనిషికన్న పెద్దది కావచ్చును. దూరమునుండి చూచువాని కన్ను తన చేతిలో ఉండవలె.

ఒక గోడకు సుమారు ఆరు గంటల కాలము పట్టేది. ఎండాకాలమంతయు ఊరినుండి ఊరికి పోవుచు, క్రొత్తవి వ్రాయుచు, వెలిసిన పాతవాటికి రంగు తిరిగి దిద్దుచు గడిపినాడు. క్రొత్తవి, దిద్దినవి కలిపి ఆతని చేతిమీదుగా ఇరువదివేలకు పైగా గోడలు జరిగినవని లెక్క. వ్రాసినది మాత్రము ఎల్లప్పుడు ఆ ఒకే వాక్యము: మెయిల్ పౌచ్ పొగాకు నమలుమనియు, ఉన్నవాటిలో మేలైనదానితో నిన్ను నీవు సత్కరించుకొమ్మనియు.

మన ప్రాంతపు గోడ వ్రాతగానికి ఇంత ఏకాగ్రత దొరకలేదు. ఈ నెల సిమెంటు, మరుసటి నెల పురుగుమందు, ఎన్నికలు వస్తే రెండు పార్టీలకూ ఒకే కుంచె. పైగా ఇంగ్లీషు పెద్దక్షరములు చాలవరకు నిలువు, అడ్డము గీతలు. కొయ్యపలకల అతుకులే వాటికి దారి చూపును. తెలుగు లిపి అంతయు గుండ్రన. తలకట్టుకు పైన, వత్తుకు క్రింద చోటు విడువవలె. సున్నపు గోడమీద దారము పట్టి గీసిన రెండు గీతల నడుమ ‘స్త్రీ’ వంటి అక్షరమును అందముగా ఇమిడ్చినవాడు వారిక్‌కు ఏమాత్రము తీసిపోడు.

1965లో అమెరికా ప్రభుత్వము రహదారుల సుందరీకరణ చట్టము చేసినది. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ భార్య లేడీ బర్డ్ ఈ విషయములో మిక్కిలి పట్టుదల చూపినది. ముఖ్యమైన రహదారులకు 660 అడుగులలోపు ప్రకటనలకు అడ్డు వచ్చినది. రోడ్లప్రక్కన అడవివలె పెరిగిన బోర్డులను తొలగించుట ఆ చట్టపు ఆశయము. బార్న్‌లమీది వ్రాతలు కూడ ఆ వలలో పడినవి. అప్పుడు విచిత్రము జరిగినది. నిన్నటివరకు రోడ్డును పాడుచేసినవని నింద పడిన వ్రాతలను జనులు మమకారముతో చూడసాగినారు. 1970లలో చట్టమును సవరించి, చారిత్రక విలువగాని, కళావిలువగాని గల పాత వ్రాతలను, బార్న్‌లమీదివాటితో సహా, ఉండనిచ్చుటకు వీలు కల్పించినారు. అంగడి సరుకు పేరు స్మారక చిహ్నమైనది. వ్రాయు మనుష్యులు మాత్రము ఒకరొకరుగా తగ్గిపోయి, చివరకు వారిక్ ఒక్కడే మిగిలినాడు.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. దానిని దాటిపోవుట న్యాయము కాదు. ఆ అందమైన అక్షరములు అమ్మినది పొగాకు. నమలు పొగాకు నోటి క్యాన్సరుకు కారణమగునని నేడు నిస్సందేహముగా తెలిసినది. శ్రీకాకుళము జిల్లా చదువరులకు ఇది దూరపు ముచ్చట కాదు. నిప్పు వైపును నోటిలో పెట్టుకొని చుట్ట కాల్చు అడ్డపొగ అలవాటు ఇక్కడి పల్లెలలో, ముఖ్యముగా స్త్రీలలో, తరతరములుగా ఉన్నది. 1971లో ప్రచురితమైన ఒక పరిశోధనలో ఈ జిల్లాకు చెందిన 10,169 మంది గ్రామస్థులను పరీక్షించగా, నూటికి నలువదిమందికి పైగా అడ్డపొగ త్రాగువారే. అంగిలిమీద వచ్చు పుండ్లకు, క్యాన్సరుకు ఈ అలవాటుకు గల సంబంధమును వైద్యులు ఆ కాలముననే గుర్తించినారు. ఈ అవ్వలకు చుట్ట నేర్పినది ఏ గోడమీది వ్రాతయు కాదు. తల్లిని చూచి కూతురు నేర్చినది. కావున రోగమునంతటిని వ్రాతగాని కుంచెకు అంటగట్టుట తొందరపాటు. కాని వేలకొలది గోడలపై నూరేండ్లపాటు ఒకే మాటను నిలిపిన కంపెనీ ఆ మాటకు ఫలితము లేదని నమ్మి డబ్బు ఖర్చుపెట్టలేదు గదా! భారతదేశములో 2003 నాటి చట్టము పొగాకు ప్రకటనలను నిషేధించినది. వారిక్‌కు మన దేశములో ఈనాడు పని దొరకదు. దొరకకుండుటయే మంచిది. ఆతని చేతిపని గొప్పదనుటకు, ఆతడు అమ్మిపెట్టిన సరుకు చెడ్డదనుటకు వైరుధ్యము లేదు, రెండును నిజములే.

1990ల ఆరంభమున వారిక్ నిచ్చెన దిగినాడు. కంపెనీయు ఆ ప్రకటనల పద్ధతిని విడిచినది. బెల్మాంట్ అను ఊరిలో కాపురముండి, మెయిల్ పౌచ్ బార్న్‌ల ఆకారములో చిన్నచిన్న పక్షిగూళ్ళు, తపాలాపెట్టెలు చేసి కాలము గడిపినాడు. ఇంతలో ఒహాయో రాష్ట్రము ఏర్పడి 2003 నాటికి రెండువందల సంవత్సరములు నిండనుండగా, 88 కౌంటీలలోను కౌంటీకొక బార్న్‌మీద ఆ ఉత్సవపు చిహ్నము వ్రాయించవలెనని అక్కడివారు సంకల్పించినారు. ఆ పనికి పూనుకొన్న యువకుడు వారిక్‌వద్ద మెళకువలు తెలిసికొన్నాడు. 1998లో ఆరంభమైన ఆ పని 2002లో పూర్తియైనది. దానిని చివరవరకు చూచుటకు వారిక్ లేడు. 2000 నవంబరు 24వ తేదీన, తన డెబ్బదియారవ ఏట, ఆతడు మరణించినాడు.

ఆతడు వ్రాసిన బార్న్‌లలో కొన్ని కూలిపోయినవి, కొన్నిటి పలకలను విప్పి అమ్ముకొన్నారు. కొన్నిటిని మాత్రము యజమానులు తమ సొంత ఖర్చుతో తిరిగి దిద్దించుకొనుచున్నారు. ఏ కంపెనీయు వారికి ఏడాదికి ఒక్క డాలరైనను ఇచ్చుట లేదు.