కప్పకాలు – మన సుబ్బారావుగారు

గూళూరు వానరాత్రులలో కప్పల బెకబెకలు వినుచు పెరిగితిమి. ఆ కప్ప కాలికిని ఒక తెలుగువాని కీర్తికిని సంబంధమున్నదని చాలకాలము ఎరుగము.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను మూడవసారికి గాని గట్టెక్కలేదు. వైద్యము చదివి, 1923లో భార్యను ఇంట విడిచి అమెరికాలోని బోస్టను చేరిరి. పిమ్మట పుట్టిన కొడుకు పసితనముననే పోయెను. తండ్రి వానిని చూడనే లేదు.

లాక్టికామ్లము వలననే కండరము ముడుచుకొనునని ఆనాటి నమ్మకము. కప్ప కాళ్లపై శోధించిన హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చియుండెను. 1927లో సుబ్బారావుగారు, ఫిస్కేగారితో కూడి, కండరములో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును కనుగొనిరి. పనిచేయగా అది తరుగును, విశ్రాంతిలో మరల చేరును. 1930లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు లుండ్స్‌గార్డ్, విషముతో ఆమ్లము పుట్టనీయకున్నను కప్ప కండరము ముడుచుకొనునని, అప్పుడు ఖర్చగునది ఈ పదార్థమేనని చూపెను. పాత సిద్ధాంతము కూలెను.

సుబ్బారావుగారు 1948లో అమెరికాలోనే కన్నుమూసిరి. ఇల్లు మరల చూడలేదు. పొట్టకూటికి ఊరు విడిచిన మనకు ఆ బాధ తెలియనిది కాదు. మెట్రిక్‌తో ఆగి రైల్వే గుమాస్తాలమైన మేము ఈ ఉగాదికి చెప్పునది ఒక్కటే: పిల్లవాడు పరీక్ష తప్పెనని చేయి ఎత్తుటకు ముందు ఆయన పేరొకసారి తలచుకొనుడు.