స్టెఫాన్ జ్వైగ్ – తీర్పు చెప్పని కథకుడు

ఆస్ట్రియా కథకులలో విశ్వవిఖ్యాతి నొందిన స్టెఫాన్ జ్వైగ్ 1881 నవంబరు 28వ తేదీన వియన్నా నగరమున సంపన్నమైన యూదు కుటుంబమునందు జన్మించెను. తండ్రి వస్త్రపరిశ్రమాధిపతి. జ్వైగ్ 1904లో వియన్నా విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము నొందెను. తొలి కథాసంపుటము కూడ ఆ యేడే వెలువడెను. తెలుగున గురజాడ అప్పారావు 'దిద్దుబాటు' ప్రకటించిన మరుసటి సంవత్సరము, అనగా 1911లో, బాల్యకౌమారముల యంతరంగమును చిత్రించు నాలుగు కథలను సంపుటముగ వెలువరించెను.

1908-09 సంవత్సరములలో జ్వైగ్ భారతదేశమున పర్యటించి కాశీ, కలకత్తా నగరములను దర్శించెను. ఆ ప్రయాణపు ఛాయలు 1922లో వెలువడిన 'అమోక్' సంపుటమున గాననగును. అందు ఐదు కథలు గలవు. మొదటి కథ కలకత్తానుండి యూరపునకు మరలు ఓడమీద నడచును. డచ్చివారి తూర్పు దీవులలో వైద్యుడుగా నుండిన యొకడు, రహస్యముగా సాయము కోరి వచ్చిన స్త్రీని అహంకారముచే తిరస్కరించి, ఆమె మరణమునకు కారకుడై, ఆ వృత్తాంతమును అపరిచితుడగు ప్రయాణికునకు రాత్రివేళ చెప్పుకొనును. మఱియొక కథలో ఒక స్త్రీ, తన్ను గుర్తింపని రచయితకు తన జీవితకాలపు ప్రేమను లేఖారూపమున నివేదించును. జ్వైగ్ వీరి వేదనను వినిపించునేకాని వీరిపై తీర్పు చెప్పడు. అదే యేడు గ్రంథరూపమున వచ్చిన భారతీయేతివృత్తము గల మఱియొక కథలో విరాటుడను వీరుడు, యుద్ధమున తెలియక సోదరుని వధించి, పిదప న్యాయాధిపతియై, ఇతరులను దండించు నధికారము తనకు లేదని గ్రహించి ఆ పదవిని త్యజించును. జ్వైగ్ కథాశిల్పమునకు మూలమైన కరుణ ఇదియే.

కాని కథలకు శోభనిచ్చిన యీ గుణమే రాజకీయరంగమున ఆక్షేపణకు గురియయ్యెను. 1933లో జర్మనీయందు నాజీలు అతని గ్రంథములను దహించిరి. అయినను జ్వైగ్ బహిరంగఖండనకు వెనుకాడెను. మిత్రుడును రచయితయు నగు యోజెఫ్ రోట్ అతనిని మందలించెను. 1934లో సాల్జ్‌బర్గులోని తన యింటిని పోలీసులు సోదా చేయగా జ్వైగ్ లండను చేరెను. 1938లో జర్మనీ ఆస్ట్రియాను కబళించుటతో అతనికి స్వదేశమే లేకపోయెను. 1940లో బ్రిటిషు పౌరసత్వము లభించినను అచట నిలువక, 1941లో బ్రెజిలు దేశపు పెట్రోపోలిస్ పట్టణమున నివాసమేర్పరచుకొనెను.

చదరంగము ఇతివృత్తముగా గల తన కడపటి కథను అచటనే ముగించెను. గెస్టాపోవారి యేకాంతనిర్బంధమున మతి చలింపకుండుటకై చదరంగపు గ్రంథమును కంఠస్థము చేసి, తుదకు ఆ యాటచేతనే చిత్తభ్రమకు లోనైన యొకని వృత్తాంతమది. నిర్బంధించినవారి దౌష్ట్యమును గూర్చి ఇందు సంశయమునకు తావు లేదు. 1942 ఫిబ్రవరిలో జ్వైగ్, అతని భార్య లోటె ఆత్మహత్య చేసికొనిరి. ఆ కథ అదే సంవత్సరాంతమున బ్యూనస్ ఎయిరెస్ నగరమున, జర్మను భాషలోనే ముద్రితమయ్యెను. సభలలో పలుకని తీర్పును జ్వైగ్ తుదకు కథలో పలికెనని ఆ రచన తెలుపుచున్నది.