బెత్తము లేని బడి

దేవకీదేవి అష్టమగర్భమున శ్రీకృష్ణుడు అవతరించిన సంగతి మన ఇండ్లలో పసిబిడ్డలును ఎరుగుదురు. 1895 మే నెలలో మదనపల్లెయందు జిడ్డు నారాయణయ్య, సంజీవమ్మ దంపతులకు ఎనిమిదవ సంతానముగా మగబిడ్డ కలిగినపుడు ఆ స్మరణతోనే కృష్ణమూర్తి యని పేరిడిరి. తండ్రి రెవెన్యూ శాఖలో ఉద్యోగి. బిడ్డను పసితనముననే మలేరియా పట్టి పీడించుటచే చదువు కుంటువడినది. 1905లో తల్లి గతించినది.

1909లో నారాయణయ్యగారు బిడ్డలతో మద్రాసు చేరి, అడయారులోని దివ్యజ్ఞాన సమాజమున పనికి కుదిరిరి. కృష్ణమూర్తియు తమ్ముడు నిత్యానందుడును మైలాపూరులోని బడికి పోవుచుండిరి. తమ్ముడు చురుకైనవాడు. అన్నకో, పాఠము చెవిని పడినను మనసున నిలువదు. ఉపాధ్యాయుడు వానిని మందమతిగా నిర్ణయించి, దాదాపు ప్రతిదినము బెత్తముతో కొట్టి వరండాలోనికి పంపుచుండెను. అక్కడ ఏడ్చుచు నిలిచిన పిల్లవానిని మరల లోనికి పిలువవలెనన్న జ్ఞాపకమే ఉండెడిది కాదు. అన్ని దెబ్బలకును ఒక్క పాఠమైనను వచ్చినదా యన్న, రాలేదు.

ఆ యేడే సమాజ ప్రముఖుడు లెడ్‌బీటరు ఆ బాలుని సముద్రతీరమున చూచి, అసాధారణుడని గుర్తించి, సోదరులిద్దరిని బడి మాన్పించి ఇంటనే చదువు చెప్పించెను. అయినను ఆ లెడ్‌బీటరే ఒకనాడు, బాలుడు నోరు తెరచుకొని నిలుచున్నాడని గడ్డముపై కొట్టెను. నోరు మూతపడినది, ఆనాటినుండి వారి నడుమ చనువు మునుపటివలె లేదని జీవితచరిత్రకారులు వ్రాసిరి.

అనీబిసెంటు పెంపకము, జగద్గురువని చాటుట, ఆ పీఠమును 1929లో కృష్ణమూర్తిగారే త్రోసిపుచ్చుట దీర్ఘకథ. ఆచార్యపరంపరను శిరసావహించు మనకు ఆయన మతమంతయు సమ్మతము కానేరదు. బడి విషయము వేరు.

మదనపల్లె చెంతనున్న లోయలో ఆయన ఆశయముననుసరించి 1926లో స్థలము సేకరింపగా, 1931 నుండి అచ్చట రిషివ్యాలీ పాఠశాల నడచినది. బాలునికి భయము కూడదనుట ఆయన పట్టుదల. దండనమే కాదు, బహుమతి ఆశయు, ఒకనితో నొకని పోల్చుటయు భయమునే పెంచునని ఆయన తలపు. అటులని పిల్లలను అచ్చువేసి విడువుమనలేదు. శుచి, సమయపాలనము, మర్యాద కావలెననెడివారు. కాని అవి శ్రద్ధనుండి పుట్టవలెను; పిల్లవాడు ఏల వినుటలేదో ఉపాధ్యాయుడు వానితో కూర్చుండి తెలిసికొనవలెను.

సంస్కృతమున శిక్ష యనగా నేర్చుట; వేదాంగములలో నొకదానికదే పేరు. తెలుగులో ఆ పదమే దండనమైనది. మనువు రెండవ అధ్యాయమున హింస లేక మధురముగా బోధింపుమనెను. ఎనిమిదవ అధ్యాయమున తప్పుచేసిన శిష్యుని త్రాటితోనో వెదురుబద్దతోనో వీపున కొట్టవచ్చుననెను. పుంగనూరులో నేను చదువుకొన్న నాడు ఎనిమిదవ అధ్యాయమే ఎక్కువ ప్రచారమున నుండెడిది!

కుప్పములో పాఠము చెప్పిన తొలినాళ్ళలో నేనును అంతే. శబ్దము ఒప్పజెప్పలేని ఒక పిల్లవానిని నెలనాళ్ళు కొట్టితిని. వానికి ఎడమచెవి వినబడదని తల్లి వచ్చి చెప్పినది. నేను నిత్యము నిలుచునది ఆ ప్రక్కనే. మరునాడు కుడిప్రక్కకు మారితిని. వారము తిరుగకముందే రామశబ్దము వచ్చినది. కాని నేను దగ్గరకు పోయినపుడెల్ల వాడు చేయి అడ్డుపెట్టుకొనుట మాత్రము ఆ యేడంతయు మానలేదు.

2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో దెబ్బలను, మనసు నొప్పించుటను నిషేధించినది. చట్టమునకు వెరచి బెత్తము దాచినవారు నాలుకకు పని చెప్పుట నేను చూచుచునే యున్నాను.

కృష్ణమూర్తిగారు 1986 ఫిబ్రవరి 17న అమెరికాలోని ఓహైలో దేహము చాలించిరి. హార్సిలీ కొండలకు దిగువ, ఆ లోయలో బడి నేటికిని నడచుచున్నది.