డీజిల్ అనేది ఒక మనిషి పేరు

మన హాస్టల్‌లో ఐ.టి.ఐ. డీజిల్ మెకానిక్ ట్రేడు చదివేవాళ్ళం ఏటా కొందరం ఉంటాం. ట్రేడు పేరు రోజుకు పదిసార్లు పలుకుతాం గాని, డీజిల్ అన్నది ముందు ఒక మనిషి పేరు, ఆ తర్వాతే నూనె పేరు అయిందన్న సంగతి చాలామందికి తెలియదు. మన పుస్తకాల్లో ఆయన గురించి నాలుగు పంక్తులకు మించి ఉండవు. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన జీవితాన్ని, పాతబస్తీలో మనం రోజూ చూసే పొగ సంగతిని కలిపి రాస్తున్నాం. మా దృష్టిలో ఆ రెండూ ఒకే కథ.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్‌లో జన్మించారు. తల్లిదండ్రులు జర్మనీ నుంచి వలస వచ్చినవారు. తండ్రిది పుస్తకాల బైండింగు, తోలుసామాను పని. 1870లో ఫ్రాన్సుకు, జర్మన్లకు యుద్ధం రావడంతో ఆ కుటుంబం ఉన్నపళంగా పారిస్ వదిలి లండన్ చేరింది. అక్కడ రోజులు గడవడమే కష్టమైంది. 12 ఏళ్ళ రుడాల్ఫ్‌ను జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లెక్కలు చెప్పే ఒక బంధువు ఇంటికి పంపేశారు. ఇల్లు వదిలి, ట్రంకు పెట్టె పట్టుకుని వేరే ఊళ్ళో చదువుకోవడం అంటే ఏమిటో ఈ సంచిక చదివేవారికి మేం వివరించనక్కరలేదు.

బడి చదువు అయ్యాక కొడుకు సంపాదనలో పడితే బాగుండునని ఇంట్లోవాళ్ళ ఆశ. ఆయన మాత్రం స్కాలర్‌షిప్ సంపాదించి మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో చేరారు. 1879లో సరిగ్గా చివరి పరీక్షల వేళ టైఫాయిడ్ వచ్చి పరీక్ష తప్పిపోయింది. మళ్ళీ పరీక్ష పెట్టేదాకా ఆగి, 1880లో అత్యున్నత శ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు. అక్కడ ఆయన గురువు కార్ల్ లిండే, మంచు తయారుచేసే యంత్రాలతో పేరు పొందినవారు. ఆవిరి ఇంజన్‌లో కాల్చిన బొగ్గు వేడిలో పదో వంతు మాత్రమే పనికి వస్తుందని, మిగిలినదంతా వృథా అని ఆయన పాఠాల్లో విన్న శిష్యుడికి ఆ వృథా ఇక జీవితమంతా నిద్రపట్టనివ్వలేదు.

డీజిల్‌గారి ఆలోచన చెప్పడానికి సులువే. సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు కింది భాగం వేడెక్కుతుంది. గాలిని నొక్కితే వేడి పుడుతుంది. సిలిండర్‌లో గాలిని బాగా ఇరుకు చోటుకు నొక్కితే వేడి 500 డిగ్రీలు దాటుతుంది. అందులోకి నూనెను సన్నటి తుంపరగా కొడితే దానంతట అదే అంటుకుంటుంది, స్పార్క్ ప్లగ్గుతో పని లేదు. చెప్పినంత తేలిక కాదు చేయడం. 1893లో పేటెంటు వచ్చింది. ఆ ఆగస్టులో ఆగ్స్‌బర్గ్ ఫ్యాక్టరీలో మొదటిసారి పరీక్షించినప్పుడు పీడనం కొలిచే పరికరం పేలిపోయింది. 1894 ఫిబ్రవరిలో ఇంజన్ సొంతంగా తిరిగింది గాని, ఒక నిమిషంపాటు మాత్రమే. 1897 ఫిబ్రవరిలో జరిగిన అధికారిక పరీక్షలో నూనెలోని వేడిలో 26.2 శాతాన్ని పనిగా మార్చి చూపించారు. సుమారు 3 మీటర్ల ఎత్తున్న ఆ కాలపు ఇంజన్‌ను మ్యూనిక్ మ్యూజియంలో దాచి ఉంచారు. నూనెను ఊదడానికి వేరే కంప్రెసర్ కావలసిన అంత బరువు యంత్రం రోడ్డెక్కలేదు. 1920ల్లో నూనెను నేరుగా కొట్టే పద్ధతి కుదిరాక, 1927లో బాష్ కంపెనీ పంపు వచ్చాక లారీలకు, బస్సులకు దారి దొరికింది. జూపార్కు నుంచి సికింద్రాబాద్ వెళ్ళే 7జడ్ డబుల్ డెక్కర్ ఎక్కిన మన పూర్వ విద్యార్థులు డీజిల్‌గారి ఇంజన్ మీదే ప్రయాణం చేశారు.

ఇప్పుడు పొగ సంగతి. డీజిల్‌గారు ఇంజన్‌ను మూడు అడిగారు: చాలినంత గాలి, గట్టి నొక్కుడు, వేళకు సన్నటి తుంపర. ఏది తప్పినా సైలెన్సర్ చెబుతుంది.

నల్లపొగ అంటే నూనె ఎక్కువ, గాలి తక్కువ. ముందు చూడవలసింది ఎయిర్ ఫిల్టర్. మన రోడ్ల దుమ్ముకు అది త్వరగా మూసుకుపోతుంది. అది శుభ్రంగా ఉన్నా పొగ ఆగకపోతే నాజిళ్ళు. తుంపరకు బదులు చుక్కలు కారే నాజిల్ నూనెను కాల్చదు, మసి చేస్తుంది. ఆ తర్వాత పంపు సెట్టింగు, టర్బో బండి అయితే గాలి గొట్టాల లీకు. బండి మోయలేనంత బరువు వేసినా నల్లపొగే. దానికి ఏ మిస్త్రీ మందు వేయలేడు.

తెల్లపొగలో రెండు రకాలు. చలి ఉదయం స్టార్టు చేసినప్పుడు కాసేపు వచ్చి పోతే పట్టించుకోనక్కరలేదు. కళ్ళు మండిస్తూ పచ్చి డీజిల్ వాసనతో చాలాసేపు వస్తుంటే నూనె కాలకుండానే బయటికి పోతోందన్నమాట: హీటర్ ప్లగ్గులు పోయాయి, లేదా కంప్రెషన్ తగ్గింది, లేదా టైమింగు వెనకబడింది. ఇంజన్ వేడెక్కాక కూడా ఆవిరిలా వస్తూ, రేడియేటర్‌లో నీళ్ళు తగ్గిపోతుంటే హెడ్ గ్యాస్కెట్ పోయిందని అనుమానించాలి. అప్పుడు బండి నడపకూడదు.

నీలిపొగ అంటే ఇంజన్ ఆయిల్ తాగుతోంది. రాత్రంతా నిలిపి పొద్దున స్టార్టు చేసినప్పుడు గుప్పున వచ్చి తగ్గితే వాల్వ్ సీళ్ళు, గైడ్ల వైపు చూడాలి. ఎక్కుడు మీద లాగుతున్నంతసేపూ వస్తూ, బ్రీదర్ గొట్టంలో నుంచి కూడా పొగ కొడుతుంటే రింగులు అరిగాయి. అయితే గేజి గీత దాటి ఆయిల్ పోసినా నీలిపొగ వస్తుంది, ఇంజన్ విప్పే ముందు గేజి తీసి చూడడానికి పైసా ఖర్చు లేదు.

ఈ వరుస ఎందుకంత ముఖ్యమో మేం పాతబస్తీలోనే చూశాం. ఒక పెళ్ళి బ్యాండు వాళ్ళ వ్యాను ఉంది. దూరం ఊళ్ళకు వెళ్తే బ్యాండు మనుషుల వంట, నిద్ర అన్నీ అందులోనే. ముహూర్తాలు లేని నెలల్లో కదలకుండా నిలిచి ఉంటుంది. నల్లపొగ కమ్ముతోందని ఒక గ్యారేజీలో చూపిస్తే బోరుకు వచ్చిందన్నారు, వాళ్ళ ఒక సీజను సంపాదన అంత ఖర్చు చెప్పారు. మా ప్రాక్టికల్స్ చూసే ఉస్తాద్ కంప్రెషన్ గేజి పెట్టించారు. కంప్రెషన్ బాగానే ఉంది. ట్యాంకు అడుగున నీళ్ళు, తుప్పు. ఎయిర్ ఫిల్టర్‌లో గడ్డకట్టిన దుమ్ము. రెండు నాజిళ్ళు చుక్కలు కారుతున్నాయి. ట్యాంకు కడిగి, ఫిల్టర్లు మార్చి, నాజిళ్ళు సర్వీసింగ్ చేయించాక పొగ తగ్గింది. పూర్తిగా పోలేదు, పాత బండి కదా. కానీ బోరు పని తప్పింది.

తన ఇంజన్ చిన్న వృత్తులవాళ్ళకు అందాలన్నది డీజిల్‌గారి కోరిక. పెద్ద పెద్ద ఆవిరి యంత్రాలు కొనగల ఫ్యాక్టరీల ముందు చిన్న చిన్న వర్క్‌షాపులు నిలబడాలని ఆశపడ్డారు. 1903లో కార్మికుల సంఘటిత జీవనం మీద ఒక పుస్తకం కూడా రాశారు. దాన్ని కొన్నవారు కొద్దిమందే. పేటెంట్ల మీద కోట్లు వచ్చాయి, కోర్టు తగాదాల్లో, స్థలాల వ్యాపారంలో, నూనె బావుల పెట్టుబడుల్లో కరిగిపోయాయి. అప్పులు పెరిగాయి, ఆరోగ్యం చెడింది. ఇంత లెక్క తెలిసిన మనిషి డబ్బు లెక్కలో ఎలా ఓడిపోయారో మాకు అంతుపట్టదు.

1913 సెప్టెంబరు 29 సాయంత్రం ఆంట్వెర్ప్‌లో డ్రెస్డెన్ అనే స్టీమరు ఎక్కి ఇంగ్లండ్ బయలుదేరారు. భోజనం చేసి తన గదికి వెళ్ళారు. తెల్లవారేసరికి గదిలో లేరు, పక్క నలగలేదు. ఆత్మహత్య అని కొందరు, హత్య అని కొందరు రాశారు. పది రోజులకు ఒక డచ్చి పడవవాళ్ళకు సముద్రంలో శవం కనిపించింది. జేబుల్లోని వస్తువులు తీసుకుని శవాన్ని నీళ్ళకే వదిలేశారు. మాత్రల డబ్బీ, చిన్న చాకు, కళ్ళద్దాల పెట్టె. అవి తన తండ్రివేనని ఆయన కొడుకు గుర్తుపట్టారు.