శలభములను పరిశోధించిన బడిపంతులు

వానకాలపు రాత్రులందు మన దీపముల చుట్టు శలభములు మూగుట అందఱ మెఱుగుదుము. వానిని ఊడ్చి పాఱవేయుదుమే కాని, అవి యే జాతివో, యేల వచ్చినవో విచారింపము. అట్టి విచారణకే జీవితమును ధారపోసిన మహనీయుడు హెన్రీ ఫాబర్.

ఆయన 1823వ సంవత్సరము డిసెంబరు నెలలో ఫ్రాన్సు దేశములోని సెంట్ లెయోన్ అను కుగ్రామమున పేదకుటుంబమందు జన్మించెను. ఉపాధ్యాయ శిక్షణ పొంది, 1842లో బడిపంతులయ్యెను. పిదప అవిన్యోన్ పట్టణమున బాలికలకు పువ్వులు ఫలించు విధమును బోధింపగా, అది తగదని కొందఱు ఆక్షేపించిరి. తుదకు ఉద్యోగమును, నివాసమును గూడ విడువవలసి వచ్చెను. 1879లో సెరిన్యాన్ గ్రామమున ముండ్లతోను ఱాళ్లతోను నిండిన బీడుతోట నొకదానిని సంపాదించి, పురుగుల నచ్చటనే పరిశీలింపసాగెను.

ఒక మే నెల 6వ తేదీ ఉదయమున నెమలికన్నుల వంటి చుక్కలుగల పెద్ద ఆడుశలభ మొకటి ఆయన గదిలో గూడు వీడి వెలువడెను. ఫాబర్ దానిపై తీగెబుట్టను బోర్లించెను. నాటి రాత్రి చిన్నకుమారుడు కేకలు వేయగా పోయి చూచునప్పటికి, ఇల్లంతయు మగశలభములే! సుమారు 40 వచ్చెను. ఎనిమిది రాత్రులలో 150 వచ్చెను. ఆ చీకటిలో వానికి దారి చూపిన దేమి? వాసనయా? ఆడుశలభమునందు మనుష్యుని ముక్కున కే వాసనయు తెలియదు. గదిలో ఘాటైన నాఫ్తలీను ఉంచినను మగవి వచ్చుచునే యుండెను. కనుక వాసన కాదేమో యని ఆయన సంశయించెను.

తరువాత వేఱొక జాతి ఆడుశలభ మొకటి దొరకెను. పరీక్షలు సాగుచుండగా, అదే బుట్టలో తాను పొరపాటున ఉంచిన మఱియొక పురుగు దానిని తినివేసెను. ఆయన నిరాశ చెందక, మరల గూండ్లు దొరకువఱకు ఏండ్లతరబడి కనిపెట్టుకొని యుండెను. ఈసారి ఆడుశలభమును కిటికీకడ గాజుమూత క్రింద ఉంచి, రాత్రి అది నిలిచిన ఇసుకను, తీగెబుట్టను దూరపు మూలకు మార్చెను. మగవి కన్నుల యెదుటనున్న దానిని విడిచి, ఆ వట్టి బుట్టకడకే పోయెను! వానిని పిలిచినది వాసనయే. ఫాబర్ తన సంశయమును నిస్సంకోచముగా విడిచిపెట్టెను.

1879 మొదలు 1907 వఱకు పది సంపుటములలో తన పరిశీలనములను ప్రకటించి, 1915వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన ఆయన దివంగతుడయ్యెను. 1959లో బుటెనాండ్ట్ అను జర్మను శాస్త్రజ్ఞుడు పట్టుపురుగు జాతి ఆడుశలభముల నుండి అట్టి వాసనద్రవ్యమును వేఱుపఱచి గుర్తించెను. నేడు మన పత్తిచేలలో గులాబిరంగు పురుగు శలభములను పట్టు లింగాకర్షక బుట్టలు ఈ మర్మమునే ఆధారము చేసికొన్నవి.

బాలబాలికలారా! నేటిరాత్రి దీపముకడకు వచ్చిన శలభమును చంపకుడు. దాని రెక్కల గీతలను చూచి, తేదీ వేసి వ్రాసికొనుడు. మీ యూహ తప్పైనచో దానిని దిద్దుకొనుటకు సిగ్గుపడకుడు.